అనుమానాస్పద తపాలు రిజిస్టరు, క్రమసంఖ్య తొమ్మిది

జూన్ 18, మంగళవారం. ఆదిలాబాద్. ఉదయం మబ్బు, మూడు గంటలకు జల్లు. హాజరు: సూపరింటెండెంటు గారు, టైపిస్టమ్మ, అటెండర్ చాచా, నేను. గైర్హాజరు: కరెంటు (పదకొండున్నర నుంచి ఒంటిగంట వరకు).

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. నలభై ఏళ్లకు పైగా రాస్తున్న డైరీల్లో ఏ పేజీ తీసినా పైన ఇదే వరస. కరెంటును కూడా హాజరుపట్టీలో వేస్తారా అని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. నవ్వనీ. ఆ మంగళవారం కరెంటు గంటన్నర సెలవు పెట్టబట్టే పని సాయంత్రం దాకా జరిగింది. లేకపోతే పొద్దున్నే తేలిపోయేదేమో, నాకు ఇంత చెప్పుకోవడానికి ఉండేది కాదు.

ఆ రోజుల్లో ఉత్తరానికి ఒళ్లు ఉండేది. కవరు చేతిలోకి తీసుకుంటే బరువు తెలిసేది, జిగురు వాసన తెలిసేది, పై రాత చూడగానే ఏ ఆఫీసులో ఏ గుమాస్తా రాశాడో తెలిసేది. పద్దెనిమిదేళ్ల సర్వీసులో నేను పన్నెండేళ్లు తపాలు సెక్షన్‌లోనే కూర్చున్నాను. వచ్చిన ఉత్తరాన్ని తెరిచి, ఇన్‌వార్డు రిజిస్టరులో ఎక్కించి, నంబరు వేసి, సంబంధిత గుమాస్తాకు ఇవ్వాలి. ఏ తపాలూ తెరవకుండా సాయంత్రం దాకా ఉండకూడదు. ఉత్తరంలో ఎన్‌క్లోజర్, అంటే జత కాగితం, ఉందని రాస్తే అది నిజంగా ఉందో లేదో చూడాలి. లేకపోతే పంపమని అడగాలి. మా కింద ఉన్న పదకొండు మండలాల ఆఫీసుల గుమాస్తాలకు ఈ పద్ధతి నేర్పింది నేనే. అప్పటికి నా వయసు నలభై. కానీ ఆ ఏడు మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చాక దాని ముందు నేను నిన్నగాక మొన్న బడిలో వేసిన పిల్లవాణ్ణి. మిగతా సిబ్బంది దాని జోలికి రాలేదు. నన్ను మాత్రం సూపరింటెండెంటు గారు పిలిచి, "ఈ-మెయిలు గూడ తపాలే బాబా. నువ్వే చూస్కో," అన్నారు. (ఆయనది మహారాష్ట్ర సరిహద్దు ఊరు. అందరినీ 'బాబా' అంటారు, ఆడవాళ్లనైతే 'బాయీ' అంటారు.) అలా నాకు నా తపాలు దొరికింది. నాకు తెలిసిన పద్ధతి అంతా దానికి పెట్టేశాను.

కంప్యూటర్‌కు దుమ్ము పడకుండా టైపిస్టమ్మ ఒక గుడ్డ కుట్టింది. పాత టేబుల్ మీద పరిచే పచ్చగుడ్డ అది, ఒక మూలన నా కలం కక్కిన ఇంకు మరక ఉండేది. టైపిస్టమ్మది లక్సెట్టిపేట. భర్త అక్కడ మిషన్ వాళ్ల బడిలో టీచరు. ఐదేళ్ల కూతురు ఆయన దగ్గరే ఉండేది. ఈమె ఉద్యోగం ఆదిలాబాదులో. శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్లి, ఆదివారం చర్చికి పోయి వచ్చి, పిల్లకు తలంటి, సోమవారం తెల్లవారుజామున మళ్లీ బస్సెక్కేది. నాలుగేళ్లు అలాగే తిరిగింది. ఒకసారి ఆ పిల్ల బడిలో ఎవరో మీ అవ్వ (మా వైపు అమ్మను అలాగే అంటాం) పేరేంటని అడిగితే "ఆదివారం అవ్వ" అని చెప్పిందట. ఆ మాట మాకు చెప్పినప్పుడు టైపిస్టమ్మ నవ్వింది. మేమూ నవ్వాం. తరువాత ఆమె ఒకే కాగితాన్ని రెండుసార్లు టైపు కొట్టింది.

ఆ మంగళవారానికి రెండు వారాల ముందు ఒక మెయిలు వచ్చింది. పంపినాయన ఎవరో తెలియదు. ఇంగ్లీషులో రెండే ముక్కలు: మీరు అడిగిన కాగితం జత చేశాను, చూడండి. నేను ఆలోచనలో పడ్డాను. మేం ఎప్పుడు అడిగాం? అవుట్‌వార్డు రిజిస్టరు ఆరు నెలలు వెనక్కి తిప్పాను, అడిగినట్టు లేదు. ఆ మాట దగ్గరే ఆగాల్సింది. కానీ ఎన్‌క్లోజర్ ఉందన్నాక చూడకపోవడం నా పన్నెండేళ్ల సర్వీసుకు మచ్చ. నొక్కాను. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాను. మొత్తం ఏడుసార్లు నొక్కినట్టు డైరీలో ఉంది. అప్పుడు పద్ధతి ప్రకారం ఆ అపరిచితుడికి జవాబు రాశాను: "మీ మెయిలులో పేర్కొన్న ఎన్‌క్లోజర్ అందలేదు. తిరుగు టపాలో పంపగలరు." అవుట్‌వార్డు నంబరు కూడా వేశాను.

అటువైపు నుంచి జవాబు రాలేదు గాని, మా కంప్యూటర్ నుంచి మాత్రం నా పేరు మీద అదే మెయిలు మా పదకొండు మండలాలకూ, హైదరాబాద్ హెడ్డాఫీసుకూ తనంతట తానే వెళ్లింది. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. వేరే ఎవరి పేరుతో వెళ్లినా ఆ గుమాస్తాలు అనుమానించేవారేమో. నా పేరుతో వచ్చింది. రిజిస్టర్ సారు పంపాడంటే (నాకు ఆ పేరు ఉండేది, ముఖం మీద ఎవరూ అనేవారు కాదు) చూడకుండా ఉంటారా? అందరూ నొక్కారు. అందరికీ ఏమీ రాలేదు. నేను నేర్పిన పద్ధతి ప్రకారం పదకొండు మందీ నాకు మళ్లీ మళ్లీ రాశారు: ఎన్‌క్లోజర్ అందలేదు, తిరిగి పంపగలరు. రెండు రోజుల్లో నలభై మూడు మెయిళ్లు. నలభై మూడింటినీ తెరిచి, నలభై మూడు నంబర్లు వేశాను. ఒక ఘట్టం మాత్రం చెప్పడానికి ఇప్పటికీ జంకుతాను. మూడో రోజు మధ్యాహ్నం అడవి వైపు మండలం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. చేతిలో టిఫిన్ డబ్బా, అందులో ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ఫ్లాపీ.

"నమస్తె సార్. మా సారు మీకు నాలుగు మార్లు మెయిలు కొట్టిండట. ఎన్‌క్లోజర్ రాలేదట. గిండ్ల ఏసి ఇయ్యమన్నడు."

"ఏ ఎన్‌క్లోజర్?" అన్నాను.

"గదే సార్, చూడుమని మీరు పంపిన్రంట గద. మూడున్నర గంటలు బస్సుల కూసోని అచ్చిన. ఉత్త చేతుల్తోని పొమ్మనకున్రి."

మూడున్నర గంటలు ప్రయాణం చేసి వచ్చినవాణ్ణి ఎలా పంపడం? చాచాతో చాయ్ తెప్పించాను. ఆ అటాచ్‌మెంటును ఫ్లాపీలో వేసి, అందినట్టు సంతకం తీసుకుని ఇచ్చాను. అంటే, ఆ వైరస్ చివరికి ఎర్రబస్సులో, కిటికీ పక్క సీట్లో, టిఫిన్ డబ్బాలో కూర్చుని కూడా వెళ్లింది. దానికి మేం రసీదు రాయించుకున్నాం.

నాలుగో రోజు మా కంప్యూటర్ తెల్లమొహం వేసింది. "హే కాయ్ ఝాల బాబా? ఏమైంది? డబ్బకు జరమొచ్చిందా?" అన్నారు సూపరింటెండెంటు గారు. మరమ్మతు చేసే ఆయన వచ్చి, లోపల ఉన్నదంతా తుడిచేసి, ఎవరో తెలియనివాళ్లు పంపిన అటాచ్‌మెంటును ముట్టుకోవద్దని చెప్పి, తెలిసినవాళ్ల పేరుతో వచ్చినా ఒకసారి ఆలోచించమని చెప్పి, నా వైపు కొంచెం జాలిగా చూసి వెళ్లిపోయాడు. హెడ్డాఫీసులో మెయిలే మూసేశారు. పద్దెనిమిదేళ్లలో మా ఆఫీసు ఒకటి ఉందని హైదరాబాదులో చాలామందికి తెలియదు. ఆ వారంలో అందరికీ తెలిసింది.

తప్పు చేసిన మనిషి దిద్దుకోవాలి కదా. నేను కొత్త రిజిస్టరు తెరిచాను. అట్ట మీద ఎర్ర సిరాతో 'అనుమానాస్పద తపాలు' అని రాశాను. అనుమానానికి ఐదు కారణాలు నిర్ణయించాను: పంపినవారు తెలియకపోవడం, తొందర పెట్టడం, అటాచ్‌మెంటు ఉండటం, మనం కోరుకునేది ఇస్తాననడం, మన పేరు పెట్టి పిలవకపోవడం. రెండు కారణాలు ఉంటే అనుమానాస్పదం, నాలుగు ఉంటే అత్యంత అనుమానాస్పదం. అలాంటి మెయిలు తెరవాలంటే సూపరింటెండెంటు గారి లిఖితపూర్వక అనుమతి కావాలి. ఆయన మొదటి పేజీలో "చూచాను" అని రాసి సంతకం పెట్టారు. (చూడలేదు. సంతకం పెట్టారు.) వారం తిరిగేసరికి ఎనిమిది మెయిళ్లు అందులో ఎక్కాయి. ఒకటి మండలం గుమాస్తా సెలవుచీటీ. ఇంకొకటి, పనిచేస్తుందో లేదో చూద్దామని సూపరింటెండెంటు గారు తనకు తానే పంపుకున్నది.

ఇక ఆ మంగళవారం. బదిలీల కాలం అది. లక్సెట్టిపేటలో టైపిస్టు పోస్టు ఖాళీ అయింది. టైపిస్టమ్మ పేరు పట్టికలో మొదట ఉంది. ఆర్డర్ అందినవారు పంతొమ్మిదో తేదీ, అంటే బుధవారం సాయంత్రంలోపు కొత్తచోట చేరాలి, చేరకపోతే ఆ ఖాళీ పట్టికలో తరువాతి పేరుకు పోతుందని హెడ్డాఫీసు ముందే రాసింది. ఆర్డర్ మాత్రం రాలేదు. శుక్రవారం చూసింది, సోమవారం చూసింది. మంగళవారం పొద్దున పోస్టుమాన్ వచ్చి వెళ్లాక ఇక అడగడం మానేసి, వంచిన తల ఎత్తకుండా టైపు కొడుతోంది.

ఒంటిగంటకు కరెంటు వచ్చింది. భోజనం చేసి రెండు గంటలకు మెయిలు కోసం మోడెంకు ఫోన్ లైను కలిపాను. (ఆ యంత్రం కీచుమంటూ గురగురమంటూ కలిసేది. చాచా ప్రతిసారీ 'లేచింది' అనేవాడు.) ఒక్కటే మెయిలు. పంపినాయన పేరు ఎప్పుడూ వినలేదు, ఆఫీసు చిరునామా కూడా కాదు, ఎవరిదో సొంత చిరునామా. 'అర్జెంట్. బదిలీ ఆర్డర్ జత చేయడమైనది. వెంటనే తెరవండి.' కింద ఒక ఫోన్ నంబరు. నేను కారణాలు లెక్కపెట్టాను. ఐదుకు ఐదు. ఈ రిజిస్టరు చరిత్రలోనే మొదటిసారి. క్రమసంఖ్య తొమ్మిదిగా ఎక్కించి, రిమార్కుల గడిలో ఇలా రాశాను: "అత్యంత అనుమానాస్పదం. ఆశ చూపుతున్నది." నాకు నా మీద ఎంత సంతృప్తి కలిగిందో కూడా డైరీలో రాసుకున్నాను. చదువుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి.

మూడున్నరకు టైపిస్టమ్మ ఏదో కాగితం మీద సంతకానికి సూపరింటెండెంటు గారి బల్ల దగ్గరికి వచ్చింది. అనుమతి కోసం నేను పెట్టిన రిజిస్టరు అక్కడ తెరిచే ఉంది.

"సార్, గిదేంది? బదిలీ ఆర్డర్ అని రాసి ఉన్నది?"

"అది వైరస్ చెల్లె. మనం ఏది కోరుకుంటమో గదే చూపెట్టి తెరిపిస్తయి. మొన్న నాకు కాకపోయె?"

"మరి నాదైతే?"

"నీదైతే ఆఫీసు నుంచి రావాలె గద. గిది ఎవల్దో సొంత మెయిలు. పేరు తెల్వదు, ఊరు తెల్వదు."

"జర తెరిసి చూడున్రి సార్. ఒక్కసారే."

"తెరిసినంక చూసుడేముంటది? మళ్ల పదకొండు మండలాలకు పోతది. నీ పేరు చెప్పి నేనెట్ల తెరువాలె?"

"పోనియ్యున్రి!" అంది. నాలుగేళ్లలో ఆమె గొంతు పెంచడం అదే మొదలు. "పదకొండు మండలాలు మళ్ల బాగైతయి సార్. రేపటి తారీకు మళ్ల రాదు. నా బిడ్డకు నేను ఇంకెన్ని ఆదివారాలు అవ్వనుండాలె?"

సూపరింటెండెంటు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఫైలు పెట్టు బాబా," అన్నారు నాతో. అంటే ఆయనకూ తోచలేదన్నమాట. నాకూ తోచలేదు. తెరిస్తే రెండు వారాల కిందటి తప్పు మళ్లీ చేసినవాణ్ణవుతాను, తెరవకపోతే అంతకన్నా పెద్ద తప్పు. రెండు తప్పుల్లో ఏది రిజిస్టరులో ఎక్కదో నాకు తెలుసు. ఎక్కనిదే నన్ను పట్టుకుంది.

అప్పుడు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న చాచా కదిలాడు. ముప్పై ఏళ్లుగా ఆఫీసుల మధ్య తపాలు మోసిన మనిషి. సైకిలు, ఖాకీ సంచి, సంతకాల పుస్తకం, ఇవే ఆయన ఆస్తి. "సార్, పరేషాన్ ఎందుకు?" అన్నాడు. "కవరు అసలుదో నకిలీదో కవరును చూస్తే ఎట్ల తెలుస్తది? పంపినోన్ని అడుగుండ్రి."

"ఎట్ల అడగాలె చాచా? మెయిలు రాస్తే మళ్ల వానికే పోతది."

"ఫోన్ లేదా?"

నిజమే, ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. మెయిలు కింద ఉన్న నంబరు కాగితం మీద రాసుకుని రిసీవరు ఎత్తాను. చాచా వచ్చి నా చేయి పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన ఎవరి చేయీ పట్టుకోలేదు.

"గా నంబరు కాదు సార్. దొంగ రాసిన చీటీల దొంగ నంబరే ఉంటది. ఫోన్ కొడితే వాడే లేపి, అవు నేనే అంటడు. మన గోడ మీద ఉన్న నంబరు కొట్టుండ్రి."

గోడ మీద ఫోన్ నంబర్ల పట్టిక ఉంది. రెండేళ్ల కిందట నేనే స్కేలు పెట్టి గీతలు గీసి, నా చేతిరాతతో రాసి అంటించాను. కొత్త రిజిస్టరుకు ఐదు కారణాలు వెతికిన నాకు, ఎదురుగా ఉన్న గోడ కనపడలేదు.

హైదరాబాదు లైను దొరకడం లేదు. టైపిస్టమ్మ పక్కనే నిలబడి ఉంది. నేను తిప్పడం, బిజీ అనడం, మళ్లీ తిప్పడం. చాచా గడియారం చూసి ఏదో సణుక్కుంటున్నాడు, దువా అనుకుంటాను. టైపిస్టమ్మ పెదవులూ కదులుతున్నాయి. సూపరింటెండెంటు గారు తన బల్ల మీది విఠోబా ఫోటో వైపు తిరిగారు. నాలుగు గంటల పదినిమిషాలకు అటువైపు ఎత్తారు. ఆదిలాబాద్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని చెప్పాను.

"ఆదిలాబాదా? వద్దండి బాబూ, మీ దగ్గర్నుంచి ఏమొచ్చినా తెరవొద్దని మాకు సర్క్యులర్ ఉంది."

"సార్, గిది ఫోన్ సార్. గిండ్ల తెరిచేదేం లేదు."

"మీరు ఆదిలాబాదే అని ఏంటి గ్యారంటీ? పెట్టేయండి. మా పుస్తకంలో ఉన్న నంబరుకు మేమే చేస్తాం," అని పెట్టేశారు.

నేను బిక్కచచ్చిపోయాను. చాచా మాత్రం తల ఊపాడు. "హుషారు మనిషి," అన్నాడు మెచ్చుకోలుగా.

పన్నెండు నిమిషాలు. ఫోన్ మోగింది. ఆర్డర్ అసలుదే. ఆఫీసు మెయిలు మూసి ఉండటంతో (ఎవరి పుణ్యాన మూశారో నేను అడగలేదు, ఆయన చెప్పకుండా వదలలేదు) ఒక అధికారి తన సొంత చిరునామా నుంచి పంపారు. ఆర్డర్ నంబరు, తేదీ, పేరు, చేరాల్సిన చోటు చదివి వినిపించారు. నేను పైకి చెబుతూ రాసుకున్నాను. లక్సెట్టిపేట అన్న మాట దగ్గర టైపిస్టమ్మ కుర్చీలో కూర్చుండిపోయింది.

తెరిచాను. ఈసారి ఒకేసారి నొక్కాను. ఆర్డర్ వచ్చింది. ప్రింటరు రిబ్బను పాతది కావడంతో అక్షరాలు బూడిదరంగులో ఉన్నా అన్నీ ఉన్నాయి. ఆమె రిలీవింగ్ ఆర్డర్ టైపు చేయడానికి ఆఫీసులో ఉన్నది ఆమె ఒక్కతే. కాబట్టి తనను తానే పంపించుకుంటూ టైపు చేసుకుంది. ఒక్క తప్పూ లేదు. నాలుగూ యాభైకి నేను ఆ కాగితం పట్టుకుని ఆగాను. అనుమానాస్పద రిజిస్టరులో ఉన్న తపాలుకు అవుట్‌వార్డు నంబరు ఎలా వేయడం? ముందు తొమ్మిదో ఎంట్రీ కొట్టేయాలి, కొట్టేసినచోట సంతకం కావాలి, తరువాత ఇన్‌వార్డులో ఎక్కించాలి.

"బాయీని బస్సెక్కియ్యి బాబా, నీ రిజిస్టరుకు దండం," అన్నారు సూపరింటెండెంటు గారు.

అయినా కొట్టించాను. ఐదు నిమిషాలు పట్టింది. రిమార్కుల గడిలో "అనుమానం తీరినది. పంపినవారిని అడిగాము" అని రాసి, అడగమన్నది చాచా అని కూడా రాశాను. ఐదు గంటలకు ఆమెను రిలీవ్ చేశాం.

మర్నాడు, జూన్ 19, బుధవారం. ఆరు గంటల బస్సుకు ఆమెను ఎక్కించడానికి నేనూ చాచా వెళ్లాం. ఒక ట్రంకు పెట్టె, ఒక కుండీలో గులాబీ మొక్క. చాచా దారిలో తినమని బిస్కెట్ పొట్లం ఇచ్చి, "బేటీ, ఇగ శనివారాల ఫికర్ లేదు," అన్నాడు. నేనేమీ ఇవ్వలేదు. చేరగానే జాయినింగ్ రిపోర్టు కాపీ మెయిలులో పంపమని చెప్పాను. ఆమె కిటికీలోంచి నా వైపు చూసి, "పంపితె తెరుస్తరా సార్?" అంది. బస్సు కదిలింది.

పదకొండుంబావుకు ఆఫీసులో ఫోన్ మోగింది. "సార్, నేనే. చేరిన. మెయిలు పంపిన, అటాచ్‌మెంటు ఉన్నది. తెరువున్రి."

గొంతు ఆమెదే. అయినా మనిషికి ఒకసారి భయం పట్టుకున్నాక తొందరగా వదలదు. "చెల్లె, ఏమనుకోకు," అన్నాను. "మన కంప్యూటర్ మీది గుడ్డ ఏ రంగు?"

అటువైపు నుంచి నవ్వు. "పచ్చది సార్. మూలకు మీ ఇంకు మరక ఉన్నది. ఇగనన్న తెరువున్రి!"

తెరుస్తున్నానని చెబుతుండగానే వెనకనుంచి ఒక చిన్న గొంతు వినపడింది. వాళ్లాయన పిల్లను కూడా ఆఫీసుకు తీసుకొచ్చినట్టున్నాడు.

"అవ్వా, ఇయ్యాల ఆదివారమా?"

ఆమె ఏం చెప్పిందో నాకు వినపడలేదు, రిసీవరు మీద చేయి పెట్టినట్టుంది. నేను జాయినింగ్ రిపోర్టు తెరిచి, ప్రింటు తీసి, ఇన్‌వార్డు నంబరు వేసి, డైరీ తీశాను. నలభై ఏళ్ల నా డైరీల్లో తేదీ పక్కన వారం తప్పు పడిన పేజీ ఒక్కటే ఒక్కటి ఉంది. మొన్న అట్టలు దులుపుతూ ఆ పేజీ మళ్లీ చూశాను. నలభై ఏళ్ల వయసున్న అప్పటి రిజిస్టర్ సారు, స్కేలు పెట్టి గీత గీసి, శుభ్రమైన అక్షరాలతో ఇలా రాశాడు: జూన్ 19, బుధవారం (లక్సెట్టిపేటలో ఆదివారం). దిద్దలేదు.